లేని మణికట్టుకు విశ్రాంతి

తెర మీద ఎర్ర తలగుడ్డ పిల్ల ఎండిన చెట్టును ఒకసారి చుట్టి, రేవులో నిలబడ్డ పడవవాడి ముందు తల వంచి, అప్పుడుగాని గాలం చేతిలోకి తీసుకోలేదు. పడవవాడు తనకు వచ్చిన ఒకే ఒక్క వాక్యం పలికాడు: "పడవ ఇప్పుడే వెళ్ళింది, కాసేపు ఆగండి."

"అయ్యాయా మర్యాదలు?" అన్నాడు పక్క కుర్చీలోని గనివాడు, తన తెర మీది కొండను పలుగుతో పొడుస్తూనే. "ఇన్నేళ్ళుగా వాడికి వంగి వంగి దండాలు పెడుతున్నావు గదక్కా, ఒక్కసారైనా పడవ ఎక్కించుకున్నాడా?"

"ఎక్కించుకోకపోతే మానె. నీలాగా పొద్దస్తమానం నోరు పారేసుకోడు. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు," అంది జాలరి.

ఆ గదిలో ఎవరినీ కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలవరు. ఆటలో ఎవరు ఏ పని చేస్తే అదే వారి పేరు. కొండలు తవ్వి ముడిలోహం తీసేవాడు గనివాడు. అడవుల్లో ఆకులు, వేర్లు ఏరుకునే పెద్దమనిషి మూలికలాయన. అంగట్లో సరుకు ఎవరికీ పట్టనప్పుడు కొని, జనం ఎగబడినప్పుడు అమ్మే ఆవిడ బేరగత్తె. ఈమె సరస్సు ఒడ్డున చేపలు పడుతుంది కనక జాలరి. నిజంగా చేప వాసన పడితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే మనిషి.

గది టైర్ల దుకాణం మీద ఉంది. కింది నుంచి రబ్బరు వాసన, గాలి కొట్టే యంత్రం చప్పుడు మెట్లెక్కి వస్తుంటాయి. తెరల మీద వెలుగు పడకుండా కిటికీలకు గోధుమరంగు కాగితం అంటించారు. పట్టపగలే ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. ఈ గదిలో కూర్చుని వీళ్ళు పోగేసిన ఆటబంగారాన్ని ఎక్కడెక్కడివాళ్ళో అసలు డబ్బిచ్చి కొనుక్కుంటారు. ఆడటం వాళ్ళకు సరదా. ఆటలో శ్రమ పడటం మాత్రం విసుగు. ఆ విసుగును వాళ్ళ బదులు భరించడమే ఇక్కడి వృత్తి. సరదా కోసం వచ్చినవాడు సరదాలో సగాన్ని కూలికి ఎందుకిస్తాడన్నది జాలరికి ఎన్నడూ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పని ఆగదు కాబట్టి అడగటం మానేసింది.

ఎండిన చెట్టు చుట్టూ తిరగటానికీ, పడవవాడికి తల వంచటానికీ మహిమ ఏమీ లేదు. మొదట్లో ఆమెకిచ్చిన పాత కంప్యూటరు సరస్సు దగ్గరికి రాగానే మొరాయించేది. నీళ్ళ బొమ్మ పూర్తిగా తెర మీదికి వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యాలి కనక చెట్టు చుట్టూ నడిపించేది, పడవవాడిని పలకరించేది. తర్వాత మంచి కంప్యూటరు వచ్చింది. అలవాటు పోలేదు. అంతకు మించి అందులో వెతకటానికేమీ లేదు.

మరో అలవాటు ఆమె ఎంచుకున్నది కాదు. బెండు మునిగిన క్షణానికి సరిగ్గా మీట నొక్కాలి. పొద్దుటి నుంచి నొక్కీ నొక్కీ కుడి మణికట్టు లోపల సన్నగా సలుపు పుట్టేది. అప్పుడామె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ బొటనవేలితో నరం వెంట రాసుకునేది. ఆ కాసేపూ తెర మీది పిల్ల గాలం దించి, నీళ్ళకేసి చూస్తూ ఊరికే నిలబడేది. చూసేవాళ్ళకు ఆ పిల్ల ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేది.

ఆ పిల్ల ఆమెది. అంటే, ఆమెదేనని మరిది మాట ఇచ్చాడు. గది అతనిది, కంప్యూటర్లు అతనివి. "దానికి ఎంత విద్య వస్తే అంతా నీదే వదినా," అన్నాడు, చేర్చుకున్న రోజున. ఇప్పుడు ఆ పిల్లకు సరస్సు నడిమధ్య తిరిగే వెండిపొలుసు చేపను పట్టే విద్య వచ్చింది. గాలం విసిరీ విసిరీ ఏళ్ళు గడిపినవాళ్ళకు తప్ప అది చిక్కదు. ఆ పిల్లను ఇంటికి తెచ్చుకుని, పాత కంప్యూటరొకటి కొనుక్కుని, తన వేళకు తాను పడుతూ, తన చేపను తానే అమ్ముకోవాలని జాలరి కోరిక. మరిదితో చెప్పింది కూడా. "తప్పకుండా. ఈ నెలాఖరుకు తీసుకుపో," అన్నాడతను, నవ్వుతూ.

ఆ ఉదయం మరిది ఒక చిన్న నల్లపెట్టె పట్టుకుని వచ్చాడు. జాలరి కాళ్ళ దగ్గర వంగి, కీబోర్డు తీగను ఊడదీసి, పెట్టెలో గుచ్చి, పెట్టెను కంప్యూటరుకు తగిలించాడు.

"ఏమిటయ్యా అది?"

"లైను నెమ్మదిస్తోంది వదినా. ఎక్కడ ఆగుతోందో ఇది పట్టేస్తుంది."

"నా దగ్గరే పెట్టావేం? నేనేనా నీ లైను మింగుతున్నది?"

"అందరిలోకీ తిన్నగా ఆడేది నువ్వు. అందుకని. నువ్వేం పట్టించుకోకు. ఎప్పుడూ ఎలా ఆడతావో అలాగే ఆడు."

"ఎప్పటిలాగా కాకపోతే ఎలా ఆడతాననుకున్నావు? కాళ్ళతోనా?"

మరిది అందరికన్నా ఎక్కువగా నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ లాక్కుని ఆమె వెనక కూర్చున్నాడు. అతను ఎప్పుడూ అలా కూర్చోడు.

మధ్యాహ్నం దాటాక తెర మూల ఒక ప్రశ్న మెరిసింది: "ఉన్నారా?" ఆట నడిపే సంస్థ నియమించిన కాపలాదారుల పని అది. ఆటబంగారం అమ్మటం నిషిద్ధం. అంతకన్నా నిషిద్ధం మనిషికి బదులు యంత్రం చేత ఆడించటం. ఒకే చోట ఒకే పని గంటలకొద్దీ చేసేవాళ్ళను చూస్తే కాపలాదారులకు అనుమానం. మనిషిలా జవాబు రాకపోతే ఆ పాత్రకు శాశ్వతంగా తలుపు మూసేస్తారు.

జాలరి చేతులు తీరిగ్గా కదిలాయి. "ఉన్నానండీ. చేపలు పడుతున్నాను. మీ భోజనం అయిందా?"

గనివాడు పగలబడి నవ్వాడు. "పోలీసు లాఠీ పట్టుకుని వస్తే ఈవిడ విస్తరేస్తుంది!"

కాపలాదారు నుంచి జవాబు వచ్చింది: "ఇంకా లేదండీ. కానివ్వండి." ప్రశ్న మాయమైంది.

వెనక మరిది ఊపిరి వదిలిన చప్పుడు ఆమెకు వినపడింది. తన కోసం కంగారు పడ్డాడు కాబోలు అనుకుంది. తను కన్నబిడ్డలా చూసుకున్న మరిది; ఆ మాత్రం కంగారు ఉండదా?

*

మర్నాడు ఆమె మణికట్టుకు పట్టీ వేసుకుని వచ్చింది. తాళంచెవులు చేసే భర్త ముందురోజు సాయంత్రం దుకాణం కట్టేసి వస్తూ కొనుక్కొచ్చాడు. బూడిదరంగు పట్టీ, లోపల మెత్తగా ఉంది. పట్టీ వేశాక సలుపు తగ్గింది. ఆగకుండా ఆడింది. తెర మీది పిల్ల ఒక్కసారి కూడా గాలం దించలేదు.

మరిది కాసేపు చూశాడు. ముఖంలో ఏదో తేడా.

"వదినా, అది తీసెయ్."

"దేన్ని?"

"ఆ పట్టీని. అలవాటైతే చెయ్యి బలహీనపడుతుందట. తర్వాత పట్టీ లేకపోతే గ్లాసు కూడా ఎత్తలేవు."

"మీ అన్నయ్య డబ్బు పోసి కొన్నారయ్యా."

"అన్నయ్యకేం తెలుసు? ఇనప ముక్కల్ని రాయటం తప్ప. తీసెయ్ వదినా, నా మాట విను. నొప్పొస్తే ఆగు. ఎప్పుడూ ఆగేదానివేగా? ఎంతసేపు ఆగినా నేనేమీ అననుగా?"

ఆ మాటకు ఆమె మనసు మెత్తబడింది. పనిచేయించుకునేవాడు "ఆగు" అనటం ఆ గదిలో ఎవరూ విని ఎరగరు. పట్టీ విప్పి బల్ల సొరుగులో పడేసింది. మధ్యాహ్నానికి సలుపు తిరిగొచ్చింది. ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల గాలం దించి నీళ్ళకేసి చూసింది. మరిది నిశ్చింతగా లేచి వెళ్ళాడు.

వారాంతానికి అందరికీ సెలవు ప్రకటించాడు. గదిలో వైర్లు మార్పించాలన్నాడు. జీతం కోయనన్నాడు. గనివాడు మాత్రం మెట్లు దిగుతూ, "జీతమిచ్చి ఇంటికి పొమ్మంటున్నాడంటే, అక్కా, మీ మరిదికి ఒంట్లో బాగాలేదేమో చూడు," అన్నాడు.

సెలవు రోజున బట్టలు పిండుతుంటే మణికట్టు భగ్గుమంది. పట్టీ గుర్తొచ్చింది. పిండిన బట్టలు తీగ మీద పడేసి, చేతులు తుడుచుకుని, జాలరి గదికి బయలుదేరింది.

టైర్ల దుకాణం తెరిచే ఉంది. పైన తలుపు దగ్గరగా వేసి ఉంది గాని గడియ లేదు. తోసింది. వైర్లు మార్చేవాళ్ళెవరూ లేరు. కుర్చీలన్నీ ఖాళీ. తెరలన్నీ వెలుగుతున్నాయి.

ప్రతి తెర మీదా అదే సరస్సు.

తలగుడ్డల రంగులు వేరు: పచ్చ, నీలం, పసుపు, ఊదా. ముఖాలు కూడా కొద్దికొద్దిగా వేరు. ఒక పిల్ల ఎండిన చెట్టును చుడుతోంది. ఇంకొకతె పడవవాడి ముందు తల వంచుతోంది. గదిలో పడవవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు, పడవ ఇప్పుడే వెళ్ళిందని. కీబోర్డుల మీద చేతులు లేవు. గనివాడి కీబోర్డు మీద దుమ్ము పడకుండా కప్పే గుడ్డ అలాగే ఉంది. ఆ గుడ్డ వెనక తెర మీద పచ్చ తలగుడ్డ పిల్ల గాలం విసురుతోంది.

జాలరి తన కుర్చీ వెనక నిలబడింది. ఎర్ర తలగుడ్డ పిల్ల కూడా తనంతట తానే ఆడుతోంది. బెండు మునిగింది, లాగింది. మళ్ళీ విసిరింది. చాలాసేపటికి ఆ పిల్ల గాలం దించింది. నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

ఆ నిలబడటం ఎంతసేపో జాలరికి తెలుసు. తన బొటనవేలు నరం పొడుగునా వెళ్ళి తిరిగివచ్చేంత సేపు. పక్క తెర మీద పచ్చ తలగుడ్డది ఆగింది. దాని పక్కన పసుపుది. ఒక్కొక్కతే ఆగుతోంది, తమకు లేని మణికట్టుకు విశ్రాంతినిస్తూ. తన నొప్పి గదంతా పరుచుకుని, ఎవరికీ నొప్పెట్టకుండా పనిచేసుకుపోతోంది. నల్లపెట్టె తన వేలి ప్రతి కదలికనూ దాచుకుందనీ, పట్టీ అందుకే తీసెయ్యమన్నాడనీ అప్పటికిగాని ఆమెకు బోధపడలేదు.

"వదినా!" మరిది గుమ్మంలో ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో. "ఫోను చేసి వస్తే బాగుండేదిగా."

"పట్టీ కోసం వచ్చాను."

సొరుగు లాగింది. పట్టీ అక్కడే ఉంది. చేతిలోకి తీసుకుందిగాని వేసుకోలేదు.

"లైను ఎక్కడ ఆగుతోందో పట్టేసిందా నీ పెట్టె?"

అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "చూడు వదినా. ఈ పని ఇంకెంతకాలం మనుషులతో సాగుతుంది చెప్పు? పక్క వీధిలోవాడు యంత్రాలు పెట్టాడు. వాడివి రోజూ దొరికిపోతున్నాయి. ఎందుకంటే యంత్రం అలిసిపోదు. నీ చెయ్యి చూసి నాకు తట్టింది. నీలా ఆడితే కాపలావాళ్ళు కనిపెట్టలేరు. అసలు ఇదంతా నీ విద్యే!"

"నా విద్య అయితే నన్ను అడగవేం?"

"చెబితే చెయ్యి మారిపోతుంది. చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా కుదురుగా కూర్చుంటారు. నాక్కావలసింది కుదురు కాదు."

"గనివాడు? మూలికలాయన?"

"వాళ్ళతో సోమవారం మాట్లాడతాను."

ఆమె తెర వైపు చూపించింది. "నా పిల్లను నాకిచ్చెయ్."

గొడవ పడతాడనుకుంది. అతను వెంటనే కాగితం ముక్క మీద పాస్‌వర్డు రాసిచ్చాడు. "నీదే వదినా. ఎప్పుడు కాదన్నాను?" అంత తేలిగ్గా ఇవ్వటంతోనే, ఆ పిల్లలో అతను తీసుకోవలసిందంతా తీసేసుకున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

*

భర్త దుకాణం మెట్ల పక్కన గూడంత ఉంటుంది. ఎవరిదో తాళంచెవిని యంత్రానికి బిగించి, పక్కన పళ్ళు లేని మొద్దు చెవిని పెట్టి, పన్నుకు పన్ను దింపుతున్నాడు. ఇనప రజను ఎగురుతోంది. జాలరి ఎదురుగా నిలబడి జరిగిందంతా చెప్పింది. అతను యంత్రం ఆపలేదు. విని ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోలేదన్న సంగతి ఆమెకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

"మీకు తెలుసా?"

యంత్రం ఆగింది. అతను కొత్త చెవిని గుడ్డతో తుడిచాడు, తుడవవలసిన దానికన్నా ఎక్కువసేపు.

"చెప్పాడు. నీకు తెలిస్తే సహజంగా ఆడవన్నాడు."

"మరి పట్టీ ఎందుకు తెచ్చారు?"

"చెయ్యి నొప్పంటున్నావని తెచ్చాను."

"వాడు తీసేయించాడని చెప్పాను గదా. ఆ రోజు అన్నం తింటూ చెప్పాను. మీరు పెరుగు వెయ్యమన్నారు."

అతను గుడ్డను మడిచి యంత్రం మీద పెట్టాడు. "గది కింద, టైర్ల దుకాణం పక్కనున్న చిన్న కొట్టు నాకిస్తానన్నాడు. ఈ గూట్లో ఎన్నాళ్ళు కూర్చోను?" అన్నాడు. మళ్ళీ, ఏదో సర్ది చెప్పాలనుకున్నట్టు, రెండు చెవులూ అరచేతిలో పెట్టి చూపించాడు. "నకలు తీస్తే అసలుది అరుగుతుందా? చూడు. నీది నీకే ఉంది. నీ చేతిని ఎవరు ఎత్తుకుపోయారు?"

జాలరి ఆ రెండు చెవులకేసి చూసింది. ఏది అసలుదో ఆమెకు తెలియలేదు. కొత్తది మరింత మెరుస్తోంది.

ఇంట్లో పక్కవాటా పంతులమ్మ అరువిచ్చిన పాత కంప్యూటరు ఉంది. మర్నాడు పొద్దున్నే దాని ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టింది. ఎర్ర తలగుడ్డ పిల్ల కనపడింది. మరిది మీద ఎంత కోపమున్నా, ఆ క్షణంలో ఆమెకు కాస్త ఊరట కలిగింది. ఇక ఎవరి గదీ అక్కరలేదు. పాత కంప్యూటరు సరస్సు దగ్గర మొరాయించింది. మొదటి రోజుల్లోలాగే పిల్లను చెట్టు చుట్టూ నడిపించింది. పడవవాడికి తల వంచింది. ఇప్పుడా పనికి మళ్ళీ కారణం ఉంది.

ఒడ్డు పొడుగునా అపరిచితులైన పిల్లలు, పచ్చ, నీలం, పసుపు, గాలాలు విసురుతున్నారు. వాళ్ళ నడుమ తనకు చోటు వెతుక్కోవలసి వచ్చింది. వెండిపొలుసు చేప ఒకటి పడింది. మరొకటి పడింది. మణికట్టు సలిపింది. ఆగింది.

తెర మూల ప్రశ్న మెరిసింది. "ఉన్నారా?"

"ఉన్నానండీ. చేపలు పడుతున్నాను. మీ భోజనం అయిందా?"

కొట్టి పంపించాక గాని ఆమెకు ఆ సంగతి తట్టలేదు. పెట్టె తగిలించిన రోజున ఆ మాటలు కూడా దాని గుండానే పోయాయి.

జవాబు నెమ్మదిగా వచ్చింది. "మా భోజనం గురించి పొద్దుటి నుంచి చాలామంది అడిగారండీ."

ఆమె గబగబా కొట్టింది. "అయ్యా, వాళ్ళు యంత్రాలు. నేను మనిషిని. వాళ్ళు నన్ను చూసి నేర్చుకున్నారు. నా చెయ్యి నొప్పి పుట్టి ఆగాను. కావాలంటే ఇంకేదైనా అడగండి."

అక్షరాలు పంపే లోపలే తెర బూడిదరంగుకు తిరిగింది. ఈ పాత్ర యంత్రం చేత ఆడించబడుతున్నట్టు నడవడిని బట్టి నిర్ధారించామనీ, అందుచేత శాశ్వతంగా మూసివేశామనీ రెండు వాక్యాలు. కింద క్షమాపణ లేదు. ఉండాలని కూడా ఆమె అనుకోలేదు. కనపడినదాన్ని బట్టే వాళ్ళు తీర్పు చెప్పారు, పాపం. కనపడింది మాత్రం అబద్ధం కాదు.

సాయంత్రం భర్త వచ్చి తెర చూశాడు. "ఏమైంది?"

"మీరన్నది నిజమేనండీ. అసలు చెవి అరగలేదు," అంది. "తాళం మార్చేశారు. అంతే."

*

గనివాడే వార్త తెచ్చాడు, గుమ్మంలో చెప్పులు విప్పకుండా. "మీ మరిది పెట్టిన ఆటపిల్లలందరినీ కాపలావాళ్ళు ఊడ్చేశారక్కా. ఒక్కతీ మిగల్లేదు. నన్ను మళ్ళీ కొండ తవ్వుకోమని పిలిపించాడు. సోమవారం పొమ్మన్నాడు, బుధవారం రమ్మంటున్నాడు. వాడి మొహం చూడాలి నువ్వు!"

వెనకాలే మరిది వచ్చాడు. గనివాడు పక్కకు తప్పుకుని వెళ్ళిపోయాడు. మరిది కుర్చీ అంచున కూర్చున్నాడు.

"వదినా, తప్పయింది. అందరికీ ఒకే చెయ్యి పెట్టటం నా బుద్ధి తక్కువ. ఈసారి చెప్పే చేస్తున్నాను. ఆటలో కొత్త పిల్లను పెట్టాను. నువ్వు రా. కొత్తగా ఆడు. నీకు వాటా ఇస్తాను."

"నాకొచ్చిన చెయ్యి ఒక్కటేగా. అది పోయింది."

"ఎందుకు పోతుంది? చెట్టు చుట్టూ తిరగకు. ఆ భోజనం మాట వదిలెయ్. ఇంకేదైనా చెయ్యి. మనిషన్నాక ఏవో అలవాట్లుంటాయిగా."

లోపలి గదిలోంచి భర్త గొంతు వినపడింది. "ఒకసారి వెళ్ళరాదూ? వాడు ఇంతగా అడుగుతున్నాడు."

జాలరి లేచి చెప్పులు వేసుకుంది. మరిది ముఖం విప్పారింది.

గదిలో గనివాడు, మూలికలాయన, బేరగత్తె మళ్ళీ తమ తమ కుర్చీల్లో ఉన్నారు. ఎవరూ ఆమెను అక్కా అని పలకరించలేదు. ఆమె చేతుల గుండానే తమ పనులు పోయాయని అందరికీ తెలుసు. ఆమెకు తెలియక జరిగిందని కూడా తెలుసు. రెండూ తెలిసినప్పుడు మనుషులు ఎటు చూడాలో తోచక తెరలకేసి చూస్తారు.

ఆమె కుర్చీలో కూర్చుని, సంచిలోంచి పట్టీ తీసి, మణికట్టుకు గట్టిగా బిగించుకుంది. మరిది చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నల్లపెట్టె ఈసారి దాచకుండా బల్ల మీదే ఉంది.

తెర మీద తెల్ల తలగుడ్డ పిల్ల. జాలరి దాన్ని తిన్నగా నీళ్ళ దగ్గరికి నడిపింది. చెట్టు పక్కనుంచి దాటించింది. విసిరింది, బెండు మునిగింది, లాగింది. విసిరింది, లాగింది. ఒక్క విసురుకూ ఇంకొక్క విసురుకూ తేడా లేదు. కళ్ళు తిప్పలేదు. చెయ్యి దించలేదు. కింది దుకాణంలో గాలి కొట్టే యంత్రం ఎలా కొడుతోందో ఆమె వేలు అలాగే కొడుతోంది. గనివాడు పలుగు ఆపి చూస్తున్నాడు. మూలికలాయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"వదినా, కాస్త నెమ్మదిగా," అన్నాడు మరిది.

ఆమె విసిరింది, లాగింది.

"ఇలా కాదు వదినా. ఇలా అయితే పూట తిరక్కుండానే మూసేస్తారు. కాస్త ఆగు. అటూ ఇటూ చూడు." అతని గొంతులో బతిమాలటం వచ్చింది. "మనిషిలా ఆడు వదినా!"

"మనిషిలా ఆడినందుకేగా నన్ను మూసేసింది," అంది జాలరి, తల తిప్పకుండానే. "మనిషి నీకెందుకు? నువ్వు అడిగిందేగా ఇది. పట్టుకో."

ఇంకా కాసేపు ఆడింది, అతను పెట్టె తీగను తనే పీకేసేదాకా. అప్పుడు చెయ్యి ఎత్తింది. లేచి, కుర్చీని బల్ల కిందికి జరిపింది. సొరుగులో తన మంచినీళ్ళ సీసా ఉంటే తీసి సంచిలో వేసుకుంది.

"అక్కా," అన్నాడు గనివాడు, కుర్చీలోంచి సగం లేచి.

"నీ కొండ చూసుకో తమ్ముడూ," అంది. "మధ్యలో చెయ్యి నొప్పొస్తే మాత్రం బల్ల కింద రాసుకో. ఎవరికీ కనపడనివ్వకు."

మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు కింది యంత్రం మోతలో కలిసిపోయింది. తెర మీద తెల్ల తలగుడ్డ పిల్ల ఎటూ పోవటానికి లేక రేవు దగ్గర నిలబడిపోయింది. దగ్గరగా ఎవరైనా నిలబడితే పలకటం పడవవాడి పద్ధతి. పలికాడు: "పడవ ఇప్పుడే వెళ్ళింది, కాసేపు ఆగండి."

ఎవరూ తల వంచలేదు. కాసేపాగి, వాడు మళ్ళీ అదే చెప్పాడు.